నాలుగు దీవులు వద్దు, రెండు చాలు

చి. సౌ. సింధుకు, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన గ్రీస్ ప్రయాణం ప్లాను చూశాను. తొమ్మిది రాత్రుల్లో మైకొనోస్, పారోస్, నాక్సోస్, శాంటోరిని, అదీ ఆగస్టులో! రెండు దీవులు ఇప్పుడే కొట్టేయ్. దీవి మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయడం, రేవులో పడిగాపులు, ఓడ, మళ్లీ కొత్త గది. దాంతోనే రోజు గడిచిపోతుంది. నాక్సోస్‌లో నాలుగు రాత్రులు, శాంటోరినిలో మూడు, చివరి రెండూ ఏథెన్స్‌లో పెట్టుకోండి.

ఏథెన్స్ చివర ఎందుకంటే, గాలి. వేసవిలో, ముఖ్యంగా జూలై, ఆగస్టుల్లో, ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తేమి అనే గాలి వీస్తుంది. మన తుఫానులా మబ్బు పట్టదు, చినుకు రాలదు. ఆకాశం నీలంగా మెరుస్తూనే ఉంటుంది, రేవులో మాత్రం ఓడలు ఆపేస్తారు. ముందు ఆగేవి హైస్పీడ్ ఓడలే. ఓడ రద్దయితే డబ్బు వాపసిస్తారు, లేదా తర్వాతి ఓడ ఎక్కిస్తారు. తప్పిపోయిన విమానానికి మాత్రం వాళ్ల పూచీ ఉండదు. అందుకే దీవి నుంచి వచ్చిన రోజే ఇంటి విమానం ఎక్కేలా ఎప్పుడూ పెట్టుకోకు.

వీలైతే సెప్టెంబరు రెండో సగానికి మార్చుకోండి. నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, గాలి నెమ్మదిస్తుంది, గదుల ధరలూ దిగుతాయి. ఆగస్టు 15 మరియమ్మ పండగ. గ్రీకులే సగం మంది దీవులకు బయల్దేరతారు, మన సంక్రాంతి బస్సుల్లాగే.

ఏథెన్స్ విమానాశ్రయం నుంచి మెట్రో మూడో లైను నేరుగా పిరయస్ రేవుకు వెళ్తుంది. రేవు చాలా పెద్దది. టికెట్ మీద గేటు నంబరు చూసి, ఓడ కదలడానికి గంట ముందే చేరుకోండి. నాక్సోస్‌కు పెద్ద ఓడే తీసుకో. ఐదు గంటలకు పైగా పడుతుంది, కానీ పైడెక్కు మీద గాలి పీలుస్తూ కూర్చోవచ్చు. హైస్పీడ్‌లో తలుపులు మూసే ఉంటాయి, ధరా ఎక్కువ, కుదుపూ ఎక్కువ. ఓడ కింది అంతస్తులో, వాహనాలు ఎక్కేచోట, సామాను అరల మీద దీవుల పేర్లు రాసి ఉంటాయి. మీ పెట్టె ‘నాక్సోస్’ అరలోనే పెట్టాలి. ఓడ రేవులో నిమిషాలే ఆగుతుంది. మైకులో పేరు వినగానే కిందికి దిగి పెట్టెల దగ్గర నిలబడండి, తలుపు తెరిచాక వెతుక్కుంటే ఆలస్యమే. కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర ఓడ కదలకముందే వేసుకుని, మధ్యభాగంలో కూర్చోవాలి.

వీసా షెంగెన్, అంటే చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చేది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు వరకూ దరఖాస్తులు తీసుకుంటారు. ఆ 15 రోజుల్ని నమ్ముకోకు, రెండు నెలల ముందే పెట్టెయ్. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునేవే బుక్ చెయ్. గది అద్దె కాక ప్రభుత్వ రుసుము ఒకటుంది: ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రాత్రికి గదికి మూడు నక్షత్రాల హోటల్లో 5 యూరోలు, నాలుగైతే 10, ఐదైతే 15.

శాంటోరినిలో గది ఇయా ఊళ్లో కాకుండా ఫిరాలో తీసుకో. దీవిలో బస్సులన్నీ ఫిరా మీదుగానే తిరుగుతాయి. బుక్ చేసేముందు ఒకే ప్రశ్న అడుగు: ‘రోడ్డు నుంచి గదికి ఎన్ని మెట్లు?’ ఫొటోలో తెల్లటి గది కనిపిస్తుంది గానీ, దాని కిందికున్న వంద మెట్లు కనిపించవు. ఇరవై కిలోల పెట్టె మోసేది మీ ఆయనే. ఫిరా నుంచి ఇయాకు కొండ అంచున పది కిలోమీటర్ల నడక దారి ఉంది, మూడు నాలుగు గంటలు పడుతుంది. నీడ లేదు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి, మనిషికి లీటరున్నర నీళ్లు ఉండాలి. కుళాయి నీళ్లు తాగకండి. ఇయా కోట దగ్గర సూర్యాస్తమయానికి ఇసకేస్తే రాలని జనం. అదే సూర్యుడు ఇమెరోవిగ్లి అనే పక్క ఊరి నుంచీ కనిపిస్తాడు, తోపులాట లేకుండా.

నాక్సోస్‌లో బండి కావాలి. ఆర్టీఓ దగ్గర అంతర్జాతీయ లైసెన్సు ఇక్కడే తీసుకో, ఏడాది చెల్లుతుంది. నాలుగు చక్రాల బైకులు మాత్రం వద్దు, మలుపుల్లో బోల్తా పడతాయి. కారు చాలు. హాల్కి, అపిరాంథోస్ ఊళ్లకు ఒక రోజు, ప్లాకా తీరానికి ఒక రోజు కేటాయించండి.

తిండికి బెంగ లేదు. శాంటోరిని ఫావా అంటే పసుపు పప్పు మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. పోపు పెట్టని ముద్దపప్పే అనుకో. టమాటా, క్యాప్సికంలో అన్నం కూరిన గెమిస్తా తినేముందు ‘హోరిస్ కిమా?’ అని అడుగు. కీమా లేకుండానా అని. ఆ మాట అక్కడా అదే. జవాబుగా ‘నే’ అంటే అవునని, హిందీ చెవితో విని కాదనుకునేవు. కాదనడానికి ‘ఓహి’ అంటారు.

ఇంకొకటి. అక్కడ గొట్టాలు సన్నం, కాగితం కమోడ్‌లో వేస్తే మూసుకుపోతుంది, పక్కనున్న బుట్టలోనే వేయాలి. కమోడ్ దగ్గర చేతి షవర్ ఉండదు. పెట్టెలో ఒక చిన్న మగ్గు పడెయ్.

– బాబాయి