బండి బాగోగులు: కార్బ్యురేటర్‌ను దేనితో కడగాలి?

ప్రశ్న: మా 2008 నాటి స్ప్లెండర్ ఎనిమిది నెలల పాటు వసారాలో కదలకుండా ఉండిపోయింది. ఇప్పుడు చోక్ వేస్తే స్టార్టవుతోంది గానీ, చోక్ తీయగానే ఆగిపోతోంది. ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీసి, అటువైపు నుంచి కార్బ్ క్లీనర్ స్ప్రే సగం డబ్బా కొట్టినా ఫలితం కనిపించలేదు. కిరసనాయిలుతో కడగమని ఒకరు, పెయింట్ థిన్నర్ వాడమని మరొకరు, డబ్ల్యూడీ-40 చాలని ఇంకొకరు చెబుతున్నారు. వీటిలో నిజంగా పనిచేసేది ఏది?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు రాసిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. చోక్ వేసినప్పుడు ఇంజిన్‌లోకి వెళ్లే గాలి తగ్గి, లోపలి పీలుపు బలపడి, మెయిన్ జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్కను జెట్ అంటారు) దారిలో కూడా కొంత పెట్రోలు పైకి వస్తుంది కాబట్టి బండి ఎలాగో నడుస్తుంది. చోక్ తీసిన మరుక్షణం ఐడలింగ్ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ నడవడం) బాధ్యత మొత్తం స్లో జెట్ మీద పడుతుంది. చాలా చిన్న బండ్లలో ఆ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. చీపురు పుల్ల మొన సైతం అందులో దూరదు. మీ బండిలో మూసుకుపోయింది అదేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

మీ స్ప్రే పని చేయకపోవడానికి దాని నాణ్యత కారణం కాకపోవచ్చు. గాలి వచ్చే వైపు నుంచి కొట్టిన ద్రవంలో చాలా వరకు వెడల్పాటి నోటి గుండా, స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే భాగం) పక్క నుంచి నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. స్లో జెట్ దారి మొదలయ్యేది కింద, పెట్రోలు నిలిచే గిన్నెలో. విప్పకుండా కొట్టిన స్ప్రే ఆ అడ్డు ఉన్న చోటికి చేరనే లేదు.

ఇక అక్కడ పేరుకున్నది ఏమిటో చూద్దాం. నిలవ పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగాలు ముందు ఎగిరిపోతాయి. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మొదట జిగురుగా, ఆ తర్వాత పాత చెక్క తలుపు మీది వార్నిష్ లాగా గోధుమ రంగులో గట్టిపడుతుంది. గిన్నె విప్పగానే పుల్లటి, ముక్కుకు ఘాటుగా తగిలే వాసన వస్తే, గోడల మీద ఆ గోధుమ పూత కనిపిస్తే, మీ శత్రువు జిగురేనని గుర్తించండి. అలా కాక తెల్లటి పొడి, పచ్చటి మరక కనిపిస్తే దానికి మందు వేరు. దాని గురించి కింద కాకినాడ పాఠకురాలికి ఇచ్చిన జవాబులో రాశాను.

మీరు పేర్కొన్న వాటిలో కిరసనాయిలు కార్బ్యురేటర్ బయట పట్టిన జిడ్డూ మట్టీ వదిలించడానికి బాగుంటుంది. విప్పే ముందు ఆ పని తప్పక చేయండి, లేకపోతే బయటి ఇసుకే లోపలికి పోతుంది. కానీ ఎండిన జిగురును అది సరిగా కరిగించలేదు, పైగా త్వరగా ఆరక నూనె పొరను మిగులుస్తుంది. తాజా పెట్రోలు మెత్తటి జిగురును తీయగలదు, ఎనిమిది నెలల పూతను మాత్రం తీయలేదు. డబ్ల్యూడీ-40 అన్న పేరులోని రెండక్షరాలకు అర్థం నీటిని తొలగించేదని; 1953లో అమెరికాలో తుప్పు నివారణ కోసం చేసిన 40వ ప్రయత్నంలో కుదిరిన మిశ్రమం కాబట్టి ఆ అంకె వచ్చింది. బిగుసుకున్న స్క్రూకు అది మంచి సాయం, ఎండిన జిగురుకు మాత్రం చాలదు. అదే పేరుతో కార్బ్యురేటర్ కోసం ప్రత్యేకంగా వచ్చే డబ్బా వేరు, అందరికీ తెలిసిన నీలం పసుపు డబ్బా వేరు. దుకాణంలో ఒకదానికి బదులు మరొకటి ఇస్తుంటారు.

పెయింట్ థిన్నర్ చెప్పినవారు తప్పు చెప్పలేదు. నైట్రో సెల్యులోజ్ పెయింట్లలో కలిపే థిన్నర్‌లో సాధారణంగా టోలీన్ వంటి ద్రావకాలు ఉంటాయి, అవి జిగురును బాగానే కరిగిస్తాయి. విడదీసిన ఇత్తడి జెట్లనూ, రబ్బరు ప్లాస్టిక్ ఏమీ లేని ఖాళీ లోహపు బాడీనీ అందులో కొన్ని గంటలు నానబెట్టవచ్చు. అయితే విడి థిన్నర్ ప్రతి దుకాణంలోనూ ఒకేలా ఉండదు. అందుకే కొనేటప్పుడు నేను కంపెనీ పేరు కంటే ముందు డబ్బా వెనక ఉన్న పదార్థాల జాబితా చదువుతాను. అసిటోన్, టోలీన్, జైలీన్ అన్న పేర్లలో ఒకటో రెండో కనిపిస్తే అది జిగురు కోసం చేసిన సరుకు. అబ్రో వంటి కంపెనీలు కార్బ్ అండ్ చోక్ క్లీనర్ పేరుతో అమ్మే స్ప్రేలు ఈ కోవకే వస్తాయి, స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతాయి. చెయిన్ క్లీనర్, కాంటాక్ట్ క్లీనర్ ఈ పనికి పనికిరావు. థ్రాటిల్ బాడీ క్లీనర్ సాధారణంగా మెతక సరుకు. పాత జిగురు దగ్గర దాని బలం చాలదు.

సరుకు ఏదైనా విప్పక తప్పదు. పెట్రోలు కాక్ మూసి, గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పాత పెట్రోలును ఒక సీసాలోకి వంపండి. ఐడలింగ్ గాలి స్క్రూను ఊడదీసే ముందు, దాన్ని నెమ్మదిగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి గోడ మీదైనా రాసుకోండి; తిరిగి అమర్చేటప్పుడు అన్నే చుట్లు వెనక్కి వదలాలి. చాలామంది ఈ ఒక్క పని మరిచిపోయి, శుభ్రమైన కార్బ్యురేటర్‌తో రెండు వారాలు తంటాలు పడతారు. అది ఆగాక ఇంకా గట్టిగా తిప్పితే మొన చెడుతుంది. జెట్లు మెత్తటి ఇత్తడివి కాబట్టి గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే పని ఆపి తెచ్చుకోవడమే మంచిది. కొన్ని నమూనాల్లో స్లో జెట్ ఊడిరాదు, బాడీలోనే దిగగొట్టి ఉంటుంది. అప్పుడు స్ప్రేతోనూ గాలితోనూ మాత్రమే పని.

జెట్‌ను ద్రావకంలో పావుగంట నానబెట్టి, ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూడండి. రంధ్రం తెరుచుకుంటే సూది బెజ్జంలో వెలుగులా గుండ్రటి చుక్క కనిపిస్తుంది. అంచు గరుకుగా, అర్ధచంద్రంలా ఉంటే ఇంకా జిగురు మిగిలినట్టే. కరెంటు వైరులోని రాగి పోగుల్లోంచి ఒక్క పోగు తీసుకుని మెల్లగా దూర్చవచ్చు. రాగి ఇత్తడి కంటే మెత్తన కాబట్టి రంధ్రాన్ని గీయదు. ఉక్కు తీగ, గుండుసూది వాడితే రంధ్రం పెద్దదై, ఆ తర్వాత బండి ఎక్కువ పెట్రోలు తాగుతూనే ఉంటుంది. దానికి కొత్త జెట్ వేయడం తప్ప మార్గం లేదు.

జెట్ ఊడదీసిన రంధ్రంలో స్ప్రే గొట్టం పెట్టి కొట్టినప్పుడు ద్రవం ఎక్కడెక్కడి నుంచి బయటికి వస్తుందో చూడండి. గాలి స్క్రూ ఉండే చోటి నుంచీ, ఇంజిన్ వైపు నోటిలో స్లైడ్ అంచు దగ్గర ఉన్న సన్నటి రంధ్రాల నుంచీ, ఫిల్టర్ వైపు నోటి అంచున ఉన్న చిన్న గాలి రంధ్రం నుంచీ సన్నటి ధారలు రావాలి. ఒక చోట వేలు పెట్టి మూస్తే మిగతా చోట్ల ధార బలపడాలి. ఎక్కడ రాకపోతే అడ్డు అక్కడుంది. తడిపి పది నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి. చివరికి పంక్చర్ల దుకాణంలోని కంప్రెసర్ గాలితో అన్ని దారులూ ఊదించండి. ఫ్లోట్ (గిన్నెలోని పెట్రోలు మీద తేలే బుడ్డి) మాత్రం తీయకుండా ఊదించవద్దు.

ఈ పని ఆరుబయట, పొయ్యికీ అగరుబత్తికీ దూరంగా చేయాలి; ఈ ద్రావకాల ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి. ఒక రంధ్రంలో కొట్టిన స్ప్రే మరో రంధ్రం గుండా సరిగ్గా కంటిలోకి చిమ్మడం ఈ పనిలో మామూలే. నాకు ఒకసారి అయింది, రెండోసారి కానివ్వలేదు.

ప్రశ్న: మా 150 సీసీ బండి కార్బ్యురేటర్‌ను మాకు తెలిసిన మెకానిక్ స్ప్రేతో శుభ్రంగా కడిగి ఇచ్చారు. ఐడలింగ్ చక్కగా ఉంది గానీ, యాక్సిలరేటర్ తిప్పితే బండి లాగడం లేదు. ఇంతకుముందు ఈ సమస్య లేదు.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ బండిలో స్లైడ్‌ను కేబుల్ నేరుగా లాగదు, పైమూత కింద ఉన్న పల్చటి రబ్బరు డయాఫ్రమ్, ఇంజిన్ పీలుపుకు పైకి లేచి స్లైడ్‌ను లేపుతుంది. పైన చెప్పిన టోలీన్, అసిటోన్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి, ముడతలు పడి, గాడిలో సరిగా కూర్చోదు. అక్కడ గాలి లీకైతే స్లైడ్ లేవదు, బండి లాగదు. పైమూత విప్పి చూడండి. డయాఫ్రమ్ అప్పడంలా అలలు తిరిగి ఉంటే, దాన్ని బయటికి తీసి నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. ద్రావకం ఆవిరయ్యాక చాలాసార్లు మళ్లీ తన కొలతకు వస్తుంది. గిన్నె చుట్టూ ఉండే రబ్బరు రింగు సాగి గాడిలో పట్టకపోయినా ఇదే ఉపాయం. ఆరిన తర్వాత డయాఫ్రమ్‌ను వెలుతురుకు పట్టి చూస్తే సూదిమొనంత చిల్లు కనిపించినా కొత్తది వేయించాలి, అతుకు నిలవదు. ఇకముందు స్ప్రే బయటికి తీసే ముందే డయాఫ్రమ్, రింగులు, ఫ్లోట్, రబ్బరు మొన ఉన్న ఫ్లోట్ పిన్ను తీసి పక్కన పెట్టించండి. వాటికి సబ్బు నీళ్లు చాలు.

ప్రశ్న: గిన్నెలో తెల్లటి పొడి, జెట్ల మీద పచ్చటి మరకలు ఉన్నాయి. రెండు డబ్బాల క్లీనర్ అయిపోయినా పోలేదు. పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ వల్లనే అంటున్నారు, నిజమా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కొంత నిజం. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 2025 నాటికి మన పెట్రోలులో దాని వాటా 20 శాతానికి చేరింది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో, నెలల తరబడి కదలని బండిలో, ఆ తేమ గిన్నె అడుగున చేరి అల్యూమినియం, జింకు కలిసిన పోత లోహాన్ని తినేస్తుంది. తెల్ల పొడి ఆ లోహపు తుప్పు, పచ్చ మరక ఇత్తడి చిలుము. ఇవి జిగురు కావు గనుక ఎన్ని డబ్బాల ద్రావకం పోసినా కరగవు.

ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్టే, ఇక్కడా పులుపే పని చేస్తుంది. లీటరు వేడి నీళ్లలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపి, రబ్బరు భాగాలన్నీ తీసేసిన బాడీనీ జెట్లనూ పది నిమిషాలు మాత్రం ఉంచండి. దగ్గర కూర్చుని చూడాలి. ఎక్కువసేపు వదిలేస్తే పులుపు మంచి లోహాన్ని కూడా తిని నల్లబరుస్తుంది. తీశాక వంట సోడా కలిపిన నీళ్లతో, ఆపైన మామూలు నీళ్లతో కడిగి, అన్ని దారుల్లోనూ గాలి ఊదించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. మరుగుదొడ్డి యాసిడ్, కాస్టిక్ సోడా దగ్గరికి రానివ్వకండి, రెండూ అల్యూమినియాన్ని కొరికేస్తాయి.

ఇంతకంటే మంచి మార్గం అల్ట్రాసోనిక్ యంత్రం. సెకనుకు సుమారు 40 వేల కంపనాలతో నీటిలో పుట్టే సన్నటి బుడగలు పగిలేటప్పుడు, బ్రష్ చేరలేని దారుల్లోని మురికిని కూడా ఊడదీస్తాయి. నగల దుకాణాల్లో బంగారం కడిగేది ఇలాంటిదే. ఇప్పుడు కొన్ని బండి గ్యారేజీల్లోనూ ఉంది. ఆ యంత్రంలో వేడి నీళ్లు, కాస్త సబ్బు మాత్రమే వాడాలి. పెట్రోలు గానీ థిన్నర్ గానీ పోస్తే మంటలు లేవవచ్చు. గిన్నె గోడ గుంటలు పడి, ఫ్లోట్ పిన్ను కూర్చునే చోట లోహం తినేసి ఉంటే మాత్రం డబ్బు వృథా చేయక కార్బ్యురేటర్ మార్చండి.

ప్రశ్న: ట్యాంకులో పోసే చిన్న సీసా క్లీనర్లు వాడితే కార్బ్యురేటర్ విప్పనక్కర్లేదా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ మందు పెట్రోలుతో పాటే ప్రయాణిస్తుంది. పెట్రోలు పారని జెట్‌లోకి అది కూడా పారదు. నడుస్తున్న బండిలో పల్చటి పూత పేరుకోకుండా ఉండటానికి, కొద్దిగా తడబడే ఐడలింగ్‌కు ఒకటి రెండు ట్యాంకుల పాటు వాడి చూడవచ్చు. పూర్తిగా మూసుకుపోయాక సీసా పోయడం దండగ. నెల రోజులకు పైగా బండి ఆపేసేటట్లయితే పెట్రోలు కాక్ మూసి, ఇంజిన్ తానంతట తాను ఆగేదాకా నడిపి, డ్రెయిన్ స్క్రూ విప్పి గిన్నెలో మిగిలిన నాలుగు చుక్కలూ తీసేయండి. ఏ సీసా కంటే ఇది చవక.

ప్రశ్న: నా 2021 బండికి కార్బ్ క్లీనర్ కొనాలా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ బండికి కార్బ్యురేటర్ ఉండే అవకాశం చాలా తక్కువ. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు (కార్బ్యురేటర్‌కు బదులు పెట్రోలును లెక్క ప్రకారం చిమ్మే పద్ధతి) మారాయి. ఐడలింగ్ తడబడితే థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) లోపల తుడవండి. సెన్సార్ల మీద నేరుగా కొట్టకండి.