డ్రమ్ము లేకుండా జానీ క్యాష్ పాటల్లో ఆ రైలు నడక ఎలా వస్తుంది?

అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ పాట ‘ఐ వాక్ ద లైన్’ వింటుంటే వెనక ఎవరో బ్రష్‌తో డ్రమ్ము వాయిస్తున్నట్టు ఉంటుంది, అయినా అందులో డ్రమ్మర్ లేడంటారు, ఎలా అని అడిగారు. మామూలు అకూస్టిక్ గిటార్ మీద అది పలుకుతుందా అని కూడా అడిగారు. పలుకుతుంది. కావలసిందల్లా ఒక కాగితం ముక్క.

1955లో మెంఫిస్‌లో సన్ రికార్డ్స్ అనే రికార్డింగు కంపెనీకి పాడటం మొదలుపెట్టినప్పుడు క్యాష్ బృందం మొత్తం ముగ్గురే. క్యాష్ అప్పటిదాకా ఇంటింటికీ తిరిగి గృహోపకరణాలు అమ్మేవాడు. లూథర్ పెర్కిన్స్, మార్షల్ గ్రాంట్ ఇద్దరూ కార్ల మెకానిక్కులు. గ్రాంట్‌కి బాస్ (లోతైన స్వరాల పెద్ద తీగవాద్యం) కొత్త, ఏ స్వరం ఎక్కడుందో గుర్తుండటానికి దాని మెడ మీద టేపు ముక్కలు అంటించుకుని నేర్చుకున్నాడు. పెర్కిన్స్ ఎలక్ట్రిక్ గిటార్ మీద అరచేతి అంచు ఆనించి, మందపు తీగల మీద ఒక్కో స్వరమే ‘టక్ టక్’మని వాయించేవాడు. డ్రమ్ము లోటు తీర్చడానికి క్యాష్ తన గిటార్ తీగల మధ్య కాగితం దూర్చాడు. 1960లో డబ్ల్యూ.ఎస్. హాలండ్ డ్రమ్మర్‌గా చేరేదాకా ఆ ముగ్గురి వరసే ఆ పాటల నడక.

జిరాక్సు కాగితం 2 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు కత్తిరించండి. ఆరో తీగ (అన్నిటికన్నా మందమైనది) మీదనుంచి, ఐదో తీగ కిందనుంచి, నాలుగో తీగ మీదనుంచి, ఇలా చాప అల్లినట్టు చివరిదాకా దూర్చి, బ్రిడ్జికి (గిటార్ ఒంటి మీద తీగలు కట్టి ఉండే పట్టీకి) 3, 4 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. బ్రిడ్జికి ఆనిస్తే కాగితం కదలదు, చప్పుడే రాదు. సౌండ్ హోల్ (గిటార్ నడుమ ఉండే గుండ్రటి కన్నం) వైపు బాగా జరిపితే స్వరమే చచ్చిపోతుంది. కరెన్సీ నోటు మడతపెట్టి దూర్చడం చూసే ఉంటారు. మూడు మడతల నోటు మందమెక్కువై తీగల్ని పైకి ఎత్తేస్తుంది, శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది. కాగితమే నయం. చిరిగితే ఇంకోటి.

ఇక కుడిచెయ్యి. ఒకటో దెబ్బకి కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మూలస్వరం ఉన్న మందపు తీగ ఒక్కటే, రెండో దెబ్బకి సన్న తీగల మీద కిందికీ పైకీ చురుగ్గా ఒక గీత, మూడో దెబ్బకి మరో మందపు తీగ, నాలుగో దెబ్బకి మళ్ళీ గీత. ‘ఈ’ (E) మేజర్‌కి ఆరో తీగ ఖాళీగా, తర్వాత ఐదో తీగ రెండో ఫ్రెట్ (మెడ మీద వేలు నొక్కే గడి). ‘ఏ’ (A) మేజర్‌కి ఐదోది, తర్వాత ఆరోది, రెండూ ఖాళీగానే. ‘డి’ (D) మేజర్‌కి నాలుగు, ఐదు. అందరూ తప్పేది ‘బి సెవెన్’ (B7) కార్డు దగ్గర: ఐదో తీగ రెండో ఫ్రెట్ మీదున్న వేలిని మూడో దెబ్బకి ఆరో తీగ రెండో ఫ్రెట్‌కి మార్చాలి. బద్ధకించి ఆరో తీగని ఖాళీగా వదిలితే స్వరాలు కలగాపులగమై అక్కడంతా బురద. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 80 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, చెయ్యి కుదురుకున్నాక 105 దాకా పెంచండి. గట్టిగా కొడితే రైలు రాదు, కాగితం జారుతుంది. వేగం సంగతికొస్తే, క్యాష్ ‘ఐ వాక్ ద లైన్’ని నెమ్మదిగా పాడాలనుకున్నాడు, వేగం పెంచమన్నది సన్ యజమాని శామ్ ఫిలిప్స్. రికార్డు వింటే ఫిలిప్స్ మాటే సరైనదనిపిస్తుంది.

ఇదే నడక ‘ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్’లోనూ ఉంది (ఫోల్సమ్ అమెరికాలో ఒక జైలు). ఆ పాట విని క్యాష్ జైలుశిక్ష అనుభవించాడనుకునేవాళ్ళు చాలామంది. కొన్నిసార్లు ఒక్కో రాత్రి లాకప్‌లో గడిపాడు తప్ప శిక్షపడి జైల్లో ఉన్నది లేదు. 1950ల మొదట్లో జర్మనీలో అమెరికా వైమానిక దళంలో మోర్స్ సంకేతాలు వింటూ పనిచేస్తున్నప్పుడు, ఆ జైలు మీద వచ్చిన సినిమా చూసి రాసుకున్నాడు. కాకపోతే బాణీతోపాటు కొన్ని పాదాలు కూడా స్వరకర్త గోర్డన్ జెంకిన్స్ అంతకుముందే చేసిన పాటలోవి. అందుకు తర్వాత సుమారు 75,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. పాటలు రాసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి: నచ్చిన బాణీ మీద మాటలు కట్టి సాధన చేయొచ్చు, అచ్చుకిచ్చేముందు మాత్రం ఎవరిది ఎంతో తేల్చుకోవాలి.

మళ్ళీ మొదటి పాటకొస్తే, అసలు కష్టం కాగితంలో లేదు, శ్రుతిలో ఉంది. ఐదు చరణాలకీ శ్రుతి మారుతూనే ఉంటుంది: ఈ (E), ఏ (A), డి (D), ఏ, ఈ. మన శ్రుతుల లెక్కలో (‘సి’ని ఒకటో శ్రుతి అనుకుంటే) 3, 6, 2, 6, 3. వెళ్ళేటప్పుడు ఉన్న శ్రుతిలోని మధ్యమం కొత్త షడ్జమం అవుతుంది, తిరిగొచ్చేటప్పుడు పంచమం షడ్జమం అవుతుంది. ప్రతి చరణానికి ముందు క్యాష్ ‘హుమ్మ్’ అనేది సోకుకి కాదు, ఆ కొత్త షడ్జమాన్ని గొంతులో పట్టుకోవడానికే. మీరూ అలాగే అనండి. శ్రుతిపెట్టె మాత్రం కట్టేయండి, అది మోగుతుంటే పాత షడ్జమం చెవిని వదలదు.

చివరి చరణం మొదటిదే, కాకపోతే ఒక స్థాయి కింద. అక్కడ గొంతు అందక గాలి మాత్రమే వస్తే, మూడో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి అవే కార్డులు పట్టండి, శ్రుతులు 5, 1, 4 అవుతాయి. అయినా అందకపోతే ఆ చరణం ఒక్కటీ పై స్థాయిలోనే పాడేయండి, కాకపోతే మెల్లగా, మైకుకి దగ్గరగా.