మీరడిగారు: ఆ శనివారం సముద్రం దివిసీమ మీదికే ఎందుకొచ్చింది?

నవంబరు వస్తే నాకు ఉత్తరాలు పెరుగుతాయి. 1977 ఉప్పెన నాటికి తొమ్మిదో తరగతి చదువుతున్నవాణ్ణి, ఆ తర్వాత కృష్ణ సముద్రంలో కలిసే చోటున్న దివిసీమలోనే బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఈ ప్రశ్నలన్నీ సంపాదకులు నా మీదికే తోస్తారు. ఈసారి ఓ ఐదింటికి జవాబులు.

1977 తుఫాను చీరాల దగ్గర తీరం దాటిందని చదివాను. మరి అంత దూరంలో ఉన్న దివిసీమ ఎందుకు కొట్టుకుపోయింది? (ఒక పాఠకుడు, తెనాలి)

మీరు చదివింది నిజమేనండి. 1977 నవంబరు 19, శనివారం. తుఫాను కన్ను చీరాల దగ్గర్లోనే ఒడ్డెక్కింది. బాపట్ల, చీరాల వైపు గాలికి ఏమీ మిగల్లేదు. కానీ సముద్రం లేచింది మా మీదికి.

మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. బడిలో నేను బోర్డు మీద సున్నా గీసి, దానికి బాణం గుర్తులు పెట్టి చెప్పేవాణ్ణి: తుఫాను నడిచొచ్చే దారికి కుడిచేతి పక్కనున్న ఊళ్ల మీదికి గాలి సముద్రం నుంచి వీస్తుంది, నీళ్లను ఒడ్డుకు నెడుతుంది. ఎడమచేతి పక్క గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. చీరాల మీదుగా వెళ్లిన తుఫానుకు దివి కుడిచేతి పక్కన పడింది. పైగా కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడ్డ నేల మాది. బల్లపరుపుగా ఉంటుంది, ఒడ్డు దగ్గర సముద్రమూ లోతు తక్కువ. నెట్టుకొచ్చిన నీళ్లు కిందికి దిగే దారి లేక పైకి లేస్తాయి. ఆ రోజు పదిహేను అడుగుల పైనే లేచాయి.

మాది కోడూరు పక్కన చిన్న ఊరు. పొద్దున ఈశాన్యం గాలి. మధ్యాహ్నానికి తూర్పుకు తిరిగింది. ఆగ్నేయానికి మళ్లేసరికి చీకటి పడుతోంది. వాకిట్లోకి నీళ్లొచ్చాయి. పొద్దుట్నుంచీ కురుస్తున్న వానే అనుకున్నాం. మా నాన్న వంగి, చెయ్యి తడుపుకుని నాలుకకు రాసుకున్నాడు. ఒక్క క్షణం అలాగే ఉండిపోయి, "ఉప్పగా ఉన్నాయి రోయ్, మేడెక్కండి" అని అరిచాడు. మాది తాటాకుల ఇల్లు. మేడ అంటే ఎదురింటివాళ్లది. అక్కడిదాకా పోయేలోపు నీళ్లు నా ఛాతీ దాకా వచ్చేశాయి. తెల్లారి చూస్తే మా గేదె కట్టుగొయ్య మిగిలింది, గేదె లేదు. చేతికందని ఎత్తులో తుమ్మకొమ్మలకు వరిగడ్డి, ఎవరిదో చీర చిక్కుకుని ఉన్నాయి. కార్తీకమాసం కదా, కోతకొచ్చిన చేను మొత్తం ఉప్పునీళ్ల కింద ఉంది.

ప్రభుత్వం లెక్క పదివేల పైచిలుకు ప్రాణాలు. మా వైపు ఆ లెక్క నమ్మేవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

ఆ తుఫాను పేరేమిటి? (విద్యార్థిని, కర్నూలు)

పేరు లేదమ్మా. ఇటువైపు సముద్రాల్లో పుట్టే తుఫాన్లకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. మేం మాత్రం "ఉప్పెన" అంటే చాలు, ఏ ఉప్పెన అని ఎవరూ అడగరు. పెళ్లిళ్లూ పుట్టుకలూ కూడా "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తర్వాత" అనే చెప్పుకుంటారు.

ఓడరేవులో పదో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే టెన్షన్ పడతాం. పదకొండు ఉంటే అది ఇంకా పెద్ద తుఫానా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

పెద్దది కాదు. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. చాలామంది ఈ నంబర్లను పరీక్ష మార్కుల్లా చదువుతారు. ఐదు నుంచి ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది నుంచి పది వరకు పెను ప్రమాదం. ఆ మూడేసి నంబర్లలో తేడా తుఫాను దారిది. ఐదు, ఎనిమిది అంటే రేవు తుఫాను దారికి ఎడమ పక్కన పడుతుందని. ఆరు, తొమ్మిది అంటే కుడి పక్కన. ఏడు, పది అంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో పోతుందని. పైన చెప్పిన కుడిచెయ్యి లెక్క గుర్తుంటే తొమ్మిదికీ పదితో సమానంగా భయపడాలి. టీవీవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరో!

బందరులో అంతకు ముందే పెద్ద ఉప్పెన వచ్చిందని మా అమ్మమ్మ అనేది. నిజమేనా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

నిజమే. 1864 నవంబరు 1 రాత్రి. ముప్పై వేల మంది దాకా పోయారని చెబుతారు. అంతకు ముందు 1779లోనూ ఒకటొచ్చింది. 1864ది ఏ నెలో చూశారా, అదీ నవంబరే. నైరుతి రుతుపవనాలకు ముందు మే, అవి వెళ్లాక అక్టోబరు, నవంబరు: బంగాళాఖాతంలో పెద్ద తుఫాన్లకు అదను ఇదే. మీ అమ్మమ్మగారు తన పెద్దవాళ్ల నోట విని ఉంటారు. వాళ్లు ఇంకేం చెప్పారో గుర్తుంటే రాయండి, నాకు కావాలి.

అమ్మానాన్నలు దివిసీమలోని నాగాయలంకలో ఉన్నారు. ఇప్పుడు అంత భయం అక్కర్లేదంటారు. నమ్మొచ్చా? (ఒక పాఠకుడు, డాలస్)

చాలావరకు నమ్మొచ్చు బాబూ. 1990 మే 9న కృష్ణ సముద్రంలో కలిసే చోటే పెద్ద తుఫాను తీరం దాటింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్లు వెయ్యికి లోపే. డెబ్భై ఏడులో మాకు రేడియో మాట తప్ప దిక్కులేదు, అదీ ఎంతమంది విన్నారని!

ఒకటి మాత్రం మర్చిపోకండి. దివికి సముద్రం ఒక పక్కే. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ రెండు పాయల మధ్య మనం ఉన్నాం. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలు వచ్చింది. అవన్నీ చివరికి మన కరకట్టల మధ్య నుంచే పోవాలి.

తుఫాను షెల్టర్ల సంగతి. తొంభైలో మేం చేరాల్సిన షెల్టర్‌కి వెళ్తే తాళం వేసుంది. మే నెల, సెలవులు. తాళంచెవి ఉన్నాయన పెళ్లికని పొరుగూరు వెళ్లాడు. వానలో పిల్లల్ని ఎత్తుకుని జనం మెట్ల మీదే నిలబడిపోయారు. చివరికి గునపంతో తాళం పగలగొట్టాం. తర్వాత ఆ తాళం ఖరీదు నా దగ్గరే వసూలు చేశారు, అది వేరే కథ.

మీ నాన్నగారికి ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు వాళ్లు వెళ్లాల్సిన షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోమనండి. ఇంట్లో ఒక గునపం కూడా ఉంచమనండి.