లీజు 80 ఏళ్లకు తగ్గకముందే పొడిగింపు నోటీసు ఇవ్వండి

ప్రశ్న: లండన్‌లోని హారోలో పద్నాలుగు నెలల క్రితం లీజ్‌హోల్డ్ ఫ్లాటు (నిర్ణీత ఏళ్లకే హక్కు ఉండేది) కొన్నాను. విలువ సుమారు 3,00,000 పౌండ్లు, గ్రౌండ్ రెంట్ (స్థలం యజమానికి కట్టే అద్దె) ఏడాదికి 200 పౌండ్లు. 99 ఏళ్ల లీజు 2009లో రాశారు కాబట్టి ఇంకా 82 ఏళ్లు ఉన్నాయి. 8,000 పౌండ్లు ఇస్తే దాన్ని 125 ఏళ్లకు పెంచుతానని, గ్రౌండ్ రెంట్ మాత్రం పాత గడువు ముగిసేదాకా కట్టాలని ఫ్రీహోల్డర్ (భవనం, స్థలం అసలు యజమాని) ఉత్తరం రాశారు. నా దగ్గర క్యాష్ ఐసాలో (వడ్డీపై పన్ను లేని పొదుపు ఖాతా) 24,000 పౌండ్లు ఉన్నాయి. వాటితో 4.5 శాతం వడ్డీ ఉన్న మార్ట్‌గేజ్ కొంత తీర్చి, 2028లో ఫిక్స్‌డ్ రేటు ముగిశాక లీజు సంగతి చూద్దామనుకుంటున్నాను. కొత్త చట్టం వచ్చేదాకా ఆగమని స్నేహితులూ అంటున్నారు. అయిదేళ్లలో ఫ్లాటు అమ్మి హైదరాబాద్ వెళ్లిపోవాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన లీజు ప్రతిలో మొదటి పేజీని మరొకసారి చూడండి. దాని మీద సంతకాలు 2009లోనే జరిగాయి, కానీ గడువును లెక్కించాల్సింది 2007 డిసెంబర్ 25 నుంచి అని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఇంగ్లండ్‌లో అద్దెలు పాతకాలం నుంచి ఏడాదికి నాలుగు నిర్ణీత తేదీలను బట్టి నడిచేవి, క్రిస్మస్ రోజు వాటిలో ఒకటి. అపార్ట్‌మెంటు కట్టడం పూర్తికాకముందే లీజులన్నిటికీ ఒకే ప్రారంభ తేదీ వేయడం బిల్డర్లకు అలవాటు. కాబట్టి మీకు మిగిలింది 82 ఏళ్లు కాదు, ఎనభై ఏళ్ల మీద కొన్ని నెలలు మాత్రమే. 2026 డిసెంబర్ 24 నాటికి అది సరిగ్గా 80కి చేరుతుంది. మీ ప్రణాళిక మొత్తం ఈ ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంది.

ఎందుకో వివరిస్తాను. 1993 నాటి చట్టం ప్రకారం ఫ్లాటు లీజుదారుకు, ఉన్న గడువు మీద మరో 90 ఏళ్లు పొందే హక్కు ఉంది, గ్రౌండ్ రెంట్ కూడా పొడిగింపు జరిగిన నాటి నుంచే సున్నా అవుతుంది. (చట్టం భాషలో దాన్ని ఒక మిరియపు గింజ అద్దె అంటారు, ఆ గింజనూ ఎవరూ అడగరు.) ఇందుకు ఫ్రీహోల్డర్‌కు చెల్లించే ప్రీమియంలో ప్రధానంగా రెండు భాగాలుంటాయి: వారు కోల్పోయే గ్రౌండ్ రెంట్ విలువ ఒకటి, లీజు ముగిశాక వారికి దక్కవలసిన ఫ్లాటుకు నేటి విలువ రెండవది. మిగిలిన గడువు 80 ఏళ్లు గానీ అంతకు తక్కువ గానీ అయితే వీటికి మూడోది తోడవుతుంది. పొడిగింపు వల్ల ఫ్లాటు ధరలో వచ్చే పెరుగుదలలో సగం ఫ్రీహోల్డర్‌కు ఇవ్వాలి, దీన్నే మ్యారేజ్ వాల్యూ అంటారు.

మీ ఫ్లాటుకే లెక్క వేసి చూశాను. రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించడానికి ఫ్లాటు విలువకు సాధారణంగా వాడే 5 శాతం, గ్రౌండ్ రెంట్‌కు నేను అనుకున్న 6 శాతం వడ్డీతో చూస్తే, ఇప్పుడు ప్రీమియం సుమారు 9,200 పౌండ్లు వస్తుంది. మీరు అనుకున్నట్టు 2028 చివరిదాకా ఆగితే 78 ఏళ్లే మిగులుతాయి. అప్పటి లీజుతో ఫ్లాటు దీర్ఘకాల లీజు ధరలో 94 శాతం పలుకుతుందనుకుంటే, నేటి చట్టం ప్రకారం ప్రీమియం 14,000 పౌండ్ల దగ్గరికి వెళుతుంది. ఆస్తికి విలువ కట్టే సర్వేయర్ అంకెలు కొంత అటూ ఇటూ మారవచ్చు, కానీ పెరుగుదల దిశ మారదు. ఈ తేడాకు పక్కన, 10,000 పౌండ్లతో మార్ట్‌గేజ్ ముందుగా తీర్చి రెండున్నరేళ్లలో మీరు ఆదా చేసే వడ్డీ పన్నెండు వందల పౌండ్లు దాటదు.

ఫ్రీహోల్డర్ ఉత్తరం చవకగా కనిపిస్తోంది గానీ, అదే లెక్కలో గ్రౌండ్ రెంట్‌ను పక్కన పెట్టి 125 ఏళ్ల వరకే పొడిగించడానికి అయ్యేది 5,200 పౌండ్ల చిల్లర మాత్రమే. దానికి వారు 8,000 అడుగుతున్నారు, పైగా మీరు ఏటా 200 పౌండ్లు కడుతూనే ఉండాలి. నన్ను ఇంకా కలవరపెట్టే విషయం మరొకటి ఉంది. ఇలాంటి స్వచ్ఛంద బేరానికి ఒప్పందం మీద సంతకాలయ్యేదాకా ఫ్రీహోల్డర్ కట్టుబడి ఉండనక్కరలేదు. ఉత్తర ప్రత్యుత్తరాలతో డిసెంబర్ దాటిపోయాక ఆ బేరం చెడితే నష్టం మీది.

స్నేహితుల మాటలో సగం నిజముంది. 2024 మే 24న ఆమోదం పొందిన చట్టం మ్యారేజ్ వాల్యూను తీసేస్తుంది, పొడిగింపును 990 ఏళ్లకు పెంచుతుంది, కానీ నేను ఇది రాస్తున్న నాటికి ఆ భాగాలు అమలులోకి రాలేదు. 80 ఏళ్లకు పైగా మిగిలిన లీజుకు మ్యారేజ్ వాల్యూ ఎలాగూ ఉండదు కాబట్టి, దాని రద్దు కోసం మీరు ఎదురుచూడడంలో అర్థం లేదు. లెక్కకు వాడే వడ్డీ రేట్లను ప్రభుత్వం నిర్ణయిస్తుందంటున్నారు, అవి ఎవరికి అనుకూలంగా ఉంటాయో చూసి పందెం కాయమని నేను చెప్పను. ఆ చట్టంలో మీకు ఇప్పటికే దక్కినది ఒకటుంది: లీజుదారు రెండేళ్లు యజమానిగా ఉండాలన్న షరతు 2025 జనవరి 31న తొలగిపోయింది, కాబట్టి పద్నాలుగు నెలలు అడ్డంకి కాదు. ల్యాండ్ రిజిస్ట్రీలో యజమానిగా మీ పేరు నమోదయిందో లేదో మాత్రం సాలిసిటర్‌తో (ఆస్తి వ్యవహారాలు చూసే న్యాయవాది) సరిచూడండి, నమోదు పూర్తికానిదే నోటీసు చెల్లదు.

పొడిగింపు పని పూర్తికావడానికి ఏడాది పట్టినా భయం లేదు, ఎందుకంటే విలువ కట్టేది నోటీసు ఇచ్చిన తేదీ నాటికి. మిగిలిన గడువు 80 ఏళ్లకు పైగా ఉన్నప్పుడు ఇస్తే చాలు. అయినా డిసెంబర్ 24 దాకా లాగకండి, ప్రారంభ రోజు లెక్కలోకి వస్తుందా రాదా అన్న వాదనకు కూడా తావివ్వకుండా సెప్టెంబర్ ముగిసేలోపు నోటీసు అందేలా చూడండి. లీజు పొడిగింపుల్లోనే పనిచేసే సర్వేయర్‌ను, సాలిసిటర్‌ను పెట్టుకోండి, ఇల్లు కొన్నప్పటి సాలిసిటర్ పరిచయస్తుడన్న ఒక్క కారణంతో ఆయనకే అప్పగించవద్దు. నోటీసును వెనక్కి తీసుకోవాల్సి వస్తే మళ్లీ ఏడాది దాకా ఇవ్వలేరు, మీ విషయంలో ఆ ఏడాది అంటే 80 లోపుకు జారిపోవడమే. ఫ్రీహోల్డర్ జవాబుకు కనీసం రెండు నెలలు గడువివ్వాలి. ఆ జవాబులో ధర కుదరకపోతే, దాని తేదీకి రెండు నెలల తర్వాత, ఆరు నెలల లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

డబ్బు విషయానికొస్తే, ప్రీమియం 9,200తో పాటు మీ సాలిసిటర్, సర్వేయర్ ఫీజులు, ప్రస్తుత నియమాల ప్రకారం ఫ్రీహోల్డర్ వైపు సమంజసమైన ఫీజులు కూడా మీరే భరించాలి. వీటన్నిటికీ మరో 5,000 పౌండ్లు పక్కన పెట్టండి. నోటీసు ఇవ్వగానే మీరు ప్రతిపాదించిన ప్రీమియంలో 10 శాతం డిపాజిట్‌గా అడగవచ్చు. ఇవన్నీ పోగా ఐసాలో దాదాపు 10,000 పౌండ్లు మిగులుతాయి, అది అత్యవసర నిధిగా ఉండనివ్వండి, మార్ట్‌గేజ్‌లో కలపవద్దు. హైదరాబాద్‌లో ఏమైనా ఆస్తి ఉంటే దీనికోసం దాన్ని అమ్మాల్సిన పని లేదు. ఖర్చుల రసీదులన్నీ దాచుకోండి, రేపు ఫ్లాటును అద్దెకిస్తే ప్రీమియం అద్దె ఆదాయంలోంచి మినహాయింపుకు రాదు గానీ, అమ్మేటప్పుడు మూలధన లాభం లెక్కలో అక్కరకొస్తుంది.

ఒకవేళ హైదరాబాద్ ప్రయాణం ముందుకు జరిగి, పొడిగింపు పూర్తికాకముందే ఫ్లాటు అమ్మాల్సివస్తే, ఇచ్చిన నోటీసు హక్కును కొనుగోలుదారుకు ఫ్లాటుతో పాటే బదిలీ చేయవచ్చు. అమ్మకం ఒప్పందంలో ఆ మాట రాయించమని సాలిసిటర్‌కు ముందే చెప్పి ఉంచండి.