ఏసీఏడీఎం జన్యువు తల్లి నుంచే వస్తుందా? – సమాధానం

రాజాం నుంచి ప్రశ్న పంపిన సోదరికి నమస్కారం. పాప జన్యుపరీక్ష రిపోర్టులో ఏసీఏడీఎం (కొవ్వును విడగొట్టే ఒక ఎంజైము తయారీకి ఆదేశమిచ్చే జన్యువు) రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు ఉందనీ, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా తల్లి నుంచే సంక్రమిస్తుంది కనుక లోపం మీదేనని అత్తవారింట అంటున్నారనీ రాశారు. ఆ మాట తప్పు.

మైటోకాండ్రియాకు సొంత జన్యువులు 37 మాత్రమే. అవి తల్లి నుంచే వస్తాయన్నది నిజమే గానీ, ఏసీఏడీఎం వాటిలో లేదు. అది కణకేంద్రకంలో, 1వ క్రోమోజోము మీద ఉంది. దాని ఆదేశం ప్రకారం మైటోకాండ్రియా బయట తయారైన ఎంజైము, తన మొదట్లో ఉన్న చిన్న చిరునామా ముక్క సాయంతో మైటోకాండ్రియాలోకి చేరి, ఆ ముక్క తెగిపోయాక నాలుగేసి అణువులుగా జట్టుకట్టి, మధ్యస్థ పొడవు గల కొవ్వు ఆమ్లాలను విడగొట్టడంలో తొలి మెట్టు నడుపుతుంది.

అందుచేత పాపకు ఒక ప్రతి మీ నుంచి, మరొకటి మీ వారి నుంచి వచ్చాయి. మీది మేనరికం కాబట్టి, ఉమ్మడి పెద్దలలో ఒకరి మార్పే రెండు దారుల్లో దిగి పాపలో కలిసి ఉండవచ్చు. ఒక్క ప్రతిలోనే మార్పు ఉన్నవారికి జబ్బు లక్షణాలు ఉండవు గనుక ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అన్న వాదన నిలవదు. దంపతులిద్దరి రక్తాన్నీ ఆ మార్పు కోసం పరీక్షిస్తే సంగతి తేలుతుంది. మీ ఇద్దరిలోనూ అది ఉన్నట్లు తేలితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మళ్లీ గర్భం దాల్చకముందే జన్యు సలహాదారును కలవండి.

వాదన కంటే ముఖ్యం, పాపను ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకపోవడం; ఈ ఎంజైము సరిగా పనిచేయకపోతే ఆ సమయంలో కొవ్వు నుంచి చాలినంత శక్తి అందదు. జ్వరమో వాంతులో వచ్చి తిండి నిలవకపోతే తెల్లవారేదాకా ఆగకుండా రిపోర్టుతో ఆసుపత్రికి వెళ్లండి. వెంటనే గ్లూకోజు ఎక్కించవలసి రావచ్చు. ఎంసీటీ నూనె (ఆ మధ్యస్థ పొడవు కొవ్వు ఆమ్లాలతో కూడిన నూనె) కలిపిన పాలపొడులు వాడరాదు. కొబ్బరితోటల ఉద్దానం ఉన్న ఉత్తరాంధ్రలో మనకు కొబ్బరి మానడం కష్టమే అయినా, అలాంటి కొవ్వు ఉండే కొబ్బరినూనె సంగతి కూడా వైద్యులను అడగండి.