మీ అబ్బాయి ఎక్కబోయే సెస్నా 152 గురించి

మీ అబ్బాయికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి పంపాలనుకుంటున్నారు. చిత్తూరు నుంచి వెళ్ళి చూసొచ్చిన రెండు అకాడమీల్లో మీకు ఫీజు అందేదాంట్లో అన్నీ 1979, 80 నాటి సెస్నా 152లు, రెండు సీట్ల శిక్షణ విమానాలు. రెండోదాంట్లో కొత్తవి, తెరలున్న గ్లాస్ కాక్‌పిట్‌లు, ఫీజు మాత్రం మీ వల్ల కాదు. "నాకంటే పాత విమానంలో బిడ్డను ఎట్లా ఎక్కించేది?" అని రాశారు.

నాది రేణిగుంట. పదకొండేళ్ళు వేరే రాష్ట్రంలో ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసి వచ్చాను, ఎక్కువ కాలం 152 కుడిసీట్లోనే. ఇప్పుడు ఏ అకాడమీతోనూ సంబంధం లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

సెస్నా 152 తయారీ 1977లో మొదలై 1985లో ఆగిపోయింది. అంటే ఎక్కడ వెతికినా అన్నిటికన్నా చిన్న 152కే నలభై ఏళ్ళు. వయసు అడిగి ఏం లాభం? ఇంజను ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) అయ్యాక ఎన్ని గంటలు తిరిగిందో అడగండి. అందులో ఉండే లైకమింగ్ ఓ-235 ఇంజనుకి కంపెనీ చెప్పే గడువు 2,400 గంటలు. చక్రాలు లోపలికి మడుచుకోవు, ప్రొపెల్లర్ కోణం మారదు. పాడవడానికి అందులో ఉన్నవే తక్కువ. దీని అన్న, నాలుగు సీట్ల సెస్నా 172నైతే 1958 డిసెంబరులో లాస్ వేగాస్‌లో ఇద్దరు ఎక్కి, రోడ్డుమీద పరిగెత్తే లారీ నుంచి పెట్రోలు పైకి లాక్కుంటూ 64 రోజులు దించకుండా తిప్పారు. మీ అబ్బాయికి అంత అవసరం రాదులెండి.

అలాగని పాతదాంట్లో భయపడాల్సినవి లేవని కాదు. మీరు రెక్కల వైపు చూసి భయపడుతున్నారు, నేనైతే ముందు సీటు కింద చూస్తాను.

నా దగ్గర ఒక కుర్రాడు, పన్నెండు గంటలు ఎగిరినవాడు, పొద్దున్నే మొదటి ట్రిప్పుకి వచ్చాడు. టేకాఫ్‌కి ఫుల్ పవర్ ఇచ్చాం. వేగం యాభై నాట్లు వచ్చేసరికి వాడి సీటు పట్టాల మీద గబుక్కున వెనక్కి జారింది. పడిపోతున్న మనిషి చేతికి దొరికింది పట్టుకుంటాడు కదా, వాడు కంట్రోల్ యోక్ (విమానం స్టీరింగు) పట్టుకుని వెనక్కి వేలాడాడు. ముక్కు ఆకాశంలోకి లేచింది. నేను అరుస్తూ యోక్‌ని రెండు చేతులతో ముందుకు తోసి, తర్వాత థ్రాటిల్ మూసేశాను. ముందు రన్‌వే ఇంకా చాలా ఉంది కాబట్టి మళ్ళీ దాని మీదే కూర్చుంది. "సీటు పోయింది సార్, సీటు పోయింది" అని షెడ్డుకి వచ్చిందాకా అదే మాట. విమానాల మరమ్మతు చూసే ఇంజనీరు (ఏఎంఈ) టార్చి వేసి చూపించాడు: పట్టాలో సీటు పిన్ను దిగాల్సిన రంధ్రం గుండ్రంగా లేదు, అరిగి కోడిగుడ్డులా సాగింది. పిన్ను సగమే దిగింది. ఈ జబ్బు ఎంత పాతదంటే, అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1987లోనే సెస్నా సీటు పట్టాలను తప్పనిసరిగా తనిఖీ చేయాలని ఆదేశం ఇచ్చింది. మా క్లబ్బులో టెక్ లాగ్‌లో (విమానం తనిఖీలు రాసే పుస్తకం) సంతకాలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ రోజు నుంచి నా స్టూడెంట్లు ఇంజను స్టార్ట్ చేసేముందు కాళ్ళు తన్నిపెట్టి రెండుసార్లు సీటు ఊపి చూడాల్సిందే. మీరు హ్యాంగరుకి వెళ్తే మీరూ కూర్చుని ఊపి చూడండి. ఎవరైనా నవ్వితే నవ్వనీండి. అట్లాగే ముక్కుచక్రం వెనకాల, ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ (ఫైర్‌వాల్) పక్కన రేకు ముడతలు పడిందేమో చూడండి. కుర్రవాళ్ళు ముక్కు మీద దించిన దెబ్బలు అక్కడే కనిపిస్తాయి.

ఇక నేర్చుకునే సంగతి. మా నాన్న తిరుమల ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ డ్రైవరు. అలిపిరి దాటకముందే ఇంజను శబ్దం విని "ఇది ఈ పొద్దు కొండ ఎక్కేటప్పుడు మూలుగుద్ది" అనేవాడు. 152 కూడా చెవితోనే నేర్పే బండి. అవ్‌గ్యాస్‌లో, అంటే ఈ విమానాల పెట్రోలులో సీసం ఉంటుంది, నేలమీద ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచితే ప్లగ్గులకి పేరుకుంటుంది. టేకాఫ్‌కి ముందు ఇంజను పరీక్షలో (రన్-అప్) 1,700 ఆర్‌పీఎం దగ్గర, ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చే రెండు మాగ్నెటోల్లో ఒకటి ఆపేస్తే ఆర్‌పీఎం 125కి మించి తగ్గకూడదు. తగ్గి, ఇంజను దగ్గుతున్నట్టు వినిపిస్తే మిక్స్చర్ (గాలిలో కలిసే పెట్రోలు) తగ్గించి కాసేపు పవర్ మీద ఉంచితే చాలాసార్లు సీసం కాలిపోయి సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మళ్ళీ షెడ్డుకే. ఈ నిర్ణయం పద్దెనిమిదేళ్ళ పిల్లాడు తానే తీసుకోవడం చూస్తే నాకు కడుపు నిండేది.

కార్బ్యురేటర్‌లో మంచు అనగానే మనవాళ్ళు నవ్వుతారు, తిరుపతిలో మంచేందని. ఇక్కడ నవంబరు వానల్లో 25 డిగ్రీలు, గాలి నిండా తేమ. అలాంటప్పుడు పవర్ తగ్గించి దిగుతుంటే కార్బ్యురేటర్ గొంతులో వేడి ఇరవై డిగ్రీలకు పైగా పడిపోయి మంచు కడుతుంది. ఆర్‌పీఎం మెల్లగా జారుతుంది, అంతే, చప్పుడుండదు. కార్బ్యురేటర్‌కి వేడి గాలి పంపే కార్బ్ హీట్ లాగడం చేతికి అలవాటవ్వాలి. ఫ్యుయెల్ ఇంజెక్షన్ ఉన్న కొత్తవాటిలో ఈ తలనొప్పి లేదు, ఒప్పుకుంటాను.

కొత్తవాటిదీ కొంత చెప్పాలి. ఎయిర్‌లైన్స్‌లో అంతా తెరలే కాబట్టి బయటికి చూడకుండా మీటర్లు చూసి నడిపే అర్హతకి (ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్) వచ్చేసరికి గ్లాస్ కాక్‌పిట్ మంచిది. కానీ మొదటి యాభై గంటలూ తెర ముందు కూర్చున్న పిల్లలు బయటికి చూడరు, ముక్కును పక్కకి తిప్పే రడ్డర్ పెడల్ మీద కాలు పెట్టరు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని ఇన్‌స్ట్రక్టర్లు బోలెడుమంది. సీపీఎల్‌కి కావాల్సిన 200 గంటల్లో చివరి భాగం గ్లాస్ మీద చేయించే వీలుందా అని అకాడమీనే అడగండి.

ఒకటి మర్చిపోయాను, అబ్బాయి బరువెంతో మీరు రాయలేదు. 152 మొత్తం కలిపి 757 కేజీలు దాటి లేవకూడదు, ఖాళీగానే 520 చిల్లర ఉంటుంది. నేను 88, నా స్టూడెంటు 82 ఉన్న రోజుల్లో ట్యాంకు నిండా పోయించలేకపోయేవాళ్ళం. దానికి తోడు మే నెల ఎండలు. మన రేణిగుంట రన్‌వే 350 అడుగుల ఎత్తులోనే ఉన్నా, 42 డిగ్రీలుంటే విమానానికి అది 3,600 అడుగుల మీద ఉన్నట్టే, గాలి అంత పలచబడుతుంది. ఉన్న 110 గుర్రాల్లో కొన్ని షెడ్డులోనే పడుకుంటాయి. అబ్బాయి 85 దాటి ఉంటే ఆ అకాడమీలో ఒక్క 172 అయినా ఉందేమో కనుక్కుని, అప్పుడు అడ్వాన్సు కట్టండి.