మూకీ సీన్‌కు మాటలు రాయించేదెట్లా?

ప్రశ్న: పరకాల దగ్గర సర్కారు బడిలో తెలుగు చెప్తాను. తొమ్మిదో తరగతికి మూకీ సినిమా ముక్క చూపించి సంభాషణ రాయమంటే అందరూ 'నాకు చాలా బాధగా ఉంది', 'అయ్యో, బాధపడకు' అనే రాస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక టీచర్, పరకాల

జవాబు: పిల్లల్ని ఏమనకండి మేడం. బాధంతా ముఖంలోనే కనిపిస్తుంటే ఇంకేం రాయాలో తోచక, చూసిందే మళ్లీ రాస్తున్నారు. చాప్లిన్ 'సిటీ లైట్స్' చివరి సీన్ వేయండి. 1931 నాటికి హాలీవుడ్ టాకీల వెంట పడిపోయినా, ఆయన సంగీతం పెట్టుకుని మాటలు మాత్రం వద్దన్నాడు. పూలమ్మే గుడ్డి పిల్లకు చూపొచ్చింది, తనకు సాయం చేసింది ఎవరో డబ్బున్నాయన అనుకుంటోంది, నిజంగా సాయం చేసిన ఈ చిరుగుల బట్టలాయన (చాప్లినే) చేతిలో జాలిపడి నాణెం పెడుతూ ఆ చెయ్యి తడిమి గుర్తుపడుతుంది. ఆ తర్వాత తెర మీద పడే మాటలు మూడే: 'మీరా?' 'ఇప్పుడు కనిపిస్తోందా?' 'ఆ, ఇప్పుడు కనిపిస్తోంది.' థాంక్స్ లేదు, ప్రేమ లేదు. పరుగులు, కిందపడడాలు ఉన్న ముక్కలు ఈ పనికి వద్దు, క్లాసంతా నవ్వుల్లోనే పోతుంది.

మొదటి పీరియడ్‌లో మాటలు బంద్. చేతులేం చేశాయి, ఎవరెటు చూశారు, అంతే రాయాలి. తర్వాత ఒక్కో పాత్రకు రెండు మాటలు ఇవ్వండి, కంటికి కనిపించేదే చెప్పే మాటను వాళ్లతోనే కొట్టేయించండి.

ఆ తర్వాత వాళ్లింటి సీన్. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి అమ్మి నాయిన రాత్రికి ఇంటికొచ్చిండు. తక్‌పట్టీ (ధర, తూకం రాసిచ్చే చీటీ) మడిచి అంగీ జేబులో పెట్టుకుంటుంటే అమ్మ చూసింది, నీళ్ల చెంబు ఇచ్చింది.
'తిన్నవా?'
'తిన్న.'
అయినా కంచం పెట్టింది. ధర ఎంత పలికిందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు, చదివేవాడికి మాత్రం తెలిసిపోయింది. ఇక్కడ 'రేటు రాలేదా, బాధపడకు' అని ఒక్క ముక్క రాస్తే సీన్ పాయె!

సింగీతం శ్రీనివాసరావు గారి 'పుష్పక విమానం' (1987) కూడా బాగా పనికొస్తుంది, మాటల్లేకపోయినా చప్పుళ్లుంటాయి కాబట్టి ఏ చప్పుడు ఏ మాట పని చేసిందో అడగొచ్చు. ముక్కలుగానే చూపించండి, సినిమా మొత్తం వేస్తే రాయడం మర్చిపోతారు.

ఇంకోటి, 'తిన్నవా'ను 'భోజనం చేశారా' అని దిద్దకండి. కథనం పుస్తకం భాషలో ఉన్నా, మనుషులు మాట్లాడేది ఇంటి మాటే కావాలి. పరీక్షకు పనికిరాదని ఎవరన్నా అంటే, పరీక్షకు వేరే పీరియడ్ ఉందిగా.